రంగం (ఇప్పటి మయన్మార్‌లోని రంగూన్) నుంచి నడిచొచ్చినవాళ్ళ మనవలం మనం. మయన్మార్ జనాన్ని వెనక్కి పంపమనొచ్చా?

వంశధార, టెక్కలి:
మా తాతమ్మ పుట్టింది రంగంలో. వాళ్ళ నాన్న కళింగపట్నంలో ఓడెక్కి వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో కూలి చేసేవాడు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాక ఊరు ఊరంతా కదిలింది. ఓడ టికెట్ దొరకనివాళ్ళు లక్షల్లో నడక పట్టారు. వీళ్ళు చింద్విన్ నది దాటి, సరిహద్దు ఊరు తమూ మీదుగా ఇంఫాల్ చేరారు. దారిలో కలరా వచ్చి తాతమ్మ తమ్ముడు పోయాడు. కొండ మీద ఏదో ఊరివాళ్ళు గంజి పోశారట. గిన్నె లేదు. ఆ మాట చెప్పినప్పుడల్లా రెండు చేతులూ దగ్గరికి చేర్చి దోసిలి పట్టి చూపించేది.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నాక, పోరాటానికి తట్టుకోలేక అక్కడి చిన్ తెగ జనం వేలల్లో మిజోరం వచ్చారు. వాళ్ళను రానివ్వొద్దని ఆ మార్చిలోనే కేంద్ర హోంశాఖ సరిహద్దు రాష్ట్రాలకు రాసింది. మిజోరం వాళ్ళు మాత్రం "వీళ్ళు మా రక్తమే" అంటూ అన్నం పెట్టారు. "పంపేయాలి" అని నిన్న ఇక్కడ ఎంతమంది రాశారో చూసి నాకు నిద్ర పట్టలేదు.

కోటగుమ్మం, బొబ్బిలి:
అన్నా, మీ తాతమ్మ కష్టం చదివి బాధేసింది. కానీ ఆవిడ సొంత దేశానికి వచ్చింది, వీళ్ళు పరాయి దేశస్థులు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకమే పెట్టలేదు. మయన్మార్ నుంచే వచ్చిన రోహింగ్యాల కేసులో, చట్ట ప్రకారం పంపొచ్చని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. 2023 మే నుంచి మణిపుర్‌లో జాతుల గొడవల వల్ల మనవాళ్ళే ఇళ్ళొదిలి క్యాంపుల్లో ఉన్నారు. ముందు వాళ్ళని చూడొద్దా? ఉద్దానం కుర్రాళ్ళు పని కోసం ఊళ్ళొదిలి పోతూనే ఉన్నారు.

నాగావళి, రాజాం:
కోర్టు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ప్రాణహక్కు 21వ అధికరణం ప్రకారం పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషికీ ఉంటుందని 1996లో, ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు అంది. 2021 మే నెలలో మణిపుర్ హైకోర్టు మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురిని ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్యాలయానికి క్షేమంగా చేర్చమంది. ప్రాణాపాయం ఉన్న చోటికి తిరిగి పంపకూడదన్నది ఆ తీర్పులో అసలు సంగతి.

వంశధార, టెక్కలి:
తమ్ముడూ, "సొంత దేశం" అన్నావు. నడక మొదలుపెట్టేదాకా మా తాతమ్మ టెక్కలి ముఖమే చూడలేదు. కాగితం మీద మనవాళ్ళు బ్రిటిష్ ప్రజలే, అయినా దారిలో తెల్లవాళ్ళకి ఒక బాట, మనవాళ్ళకి ఇంకో బాట పెట్టారు. ఆ కాగితం ఆవిడకి అన్నం పెట్టలేదు. పెట్టింది ఆ కొండ ఊరివాళ్ళు. వాళ్ళకి మనం ఏమవుతామని పెట్టారు?

మణిపుర్ క్యాంపుల గురించి నువ్వన్నది నిజం, వాళ్ళకీ కావాలి. ఒకరికి పెడితే ఇంకొకరికి తగ్గుతుందన్న లెక్క మాత్రం నేను ఒప్పుకోను.

కోటగుమ్మం, బొబ్బిలి:
పేర్లు రాసుకుని, క్యాంపు పెట్టి, అక్కడ పోరు ఆగాక పంపడం వరకైతే సరే అన్నా. భూమి, ఓటు మాత్రం వద్దు.

వంశధార, టెక్కలి:
ఓటు నేనెక్కడ అడిగాను తమ్ముడూ? ఆ పోరు ఆగకముందు పంపొద్దు అన్నాను, అంతే.