మీ స్మరణ గల్గునొ గల్గదొ: దాశరథీ శతక పద్యంలోని ఒక మాట

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. హైదరాబాదులో ఒక కుటుంబ చిత్రానికి సంభాషణలు రాస్తున్నాను. అందులో తల్లి పాత్ర పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయిని. విద్యానగర్‌లో కూతురి దగ్గర ఉంటుంది, అల్జీమర్స్ వ్యాధి మధ్యదశలో ఉంది. ఎదురుగా ఉన్న కూతురి పేరు తట్టని ఒక సాయంత్రం ఆమె ఈ పద్యాన్ని తడబాటు లేకుండా చదువుతుంది.

ముప్పునఁ గాలకింకరులు ముంగిట వచ్చిన వేళ, రోగముల్
గొప్పరమైనచోఁ గఫము కుత్తుక నిండిన వేళ, బాంధవుల్
గప్పిన వేళ, మీ స్మరణ గల్గునొ గల్గదొ, నాటి కిప్పుడే
తప్పక చేతు మీ భజన దాశరథీ కరుణాపయోనిధీ!

స్మరణ అంటే జ్ఞాపకమనే నేటి ప్రేక్షకులు అనుకుంటారు. అలా అనుకోనిస్తే పద్యానికి అన్యాయం చేసినట్లవుతుందా? పద్యం ముగిశాక కూతురు "నేనెవరో గుర్తు తెచ్చుకో అమ్మా" అని ఏడుస్తుంది. ఈ మాట సన్నివేశానికి సరిపోతుందా?

సమాధానం:

అమ్మా, మీ రెండవ ప్రశ్నకు జవాబు ఆ పద్యంలోని క్రియాపదాలలోనే ఉన్నది, కాబట్టి ముందుగా పద్యం చూద్దాం. "ముప్పు" అంటే ఇక్కడ ఆపద కాదు, ముసలితనం. "గొప్పరము" అంటే మిక్కుటం. రెండవ పాదంలో "గొ"కు "కుత్తుక"లోని "కు"తో యతి కుదురుతున్నది కనుక ప్రతిలో ఆ అక్షరాన్ని మారనీయకండి. ముసలితనంలో యమభటులు వాకిట నిలిచినప్పుడు, రోగాలు ముదిరి గొంతులో కఫం నిండినప్పుడు, చుట్టాలు చుట్టూ కమ్ముకున్నప్పుడు నీ తలపు నాకు కలుగుతుందో కలుగదో, ఆనాటి కోసం ఈనాడే నీ భజన చేస్తానని భావం.

ఈ శతకం రాసిన కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, ఇక్కడ రెండు క్రియలను వేరు వేరుగా వాడాడు. భజనకు "చేతు" అన్నాడు, స్మరణకు "కల్గు" అన్నాడు. భజన తన చేతిలో ఉన్న పని, స్మరణ తనకు కలగవలసినది. దయ కలుగుతుంది, సందేహం కలుగుతుంది, మెలకువ కలుగుతుంది, వీటిలో దేనికీ మనిషి కర్త కాడు. మన నిత్యవ్యవహారం కూడా ఇదే దారిన నడుస్తుంది. నాకు గుర్తుంది, నాకు తట్టలేదు, నాకు జ్ఞాపకం రావడం లేదు అంటాం. కాని మరుపు దగ్గరకు వచ్చేసరికి వాక్యం తిరగబడి "నేను మరిచిపోయాను" అవుతుంది, అక్కడ మనిషే కర్త. అందుకే "నన్ను మరిచిపోయావా" అనే ప్రశ్నలో, అడిగేవారు ఎంత ప్రేమతో అడిగినా, ఒక నింద వినిపిస్తుంది.

మీ కూతురి పాత్ర "గుర్తు తెచ్చుకో" అన్నప్పుడు, తల్లికి కలగవలసినదాన్ని తల్లి చేయవలసిన పనిగా మార్చి ఆజ్ఞాపిస్తున్నది. నిజజీవితంలో కూతుళ్ళు అలా అనరని నేను చెప్పడం లేదు, దుఃఖం పొంగినప్పుడు అంటారు, అననివ్వండి. అయితే మన చిత్రాలు ఆ ఆజ్ఞకు ఫలితం చూపించడం నన్ను బాధపెడుతుంది. చివరి ఘట్టంలో బిడ్డ గట్టిగా ఏడవగానే వాద్యాలు మోగుతాయి, తల్లి కళ్ళు మెరుస్తాయి, పేరు పెదవుల మీదికి వస్తుంది. అది చూసి ఇంటికి వెళ్ళిన ఒక కొడుకు, తన తల్లి తన పేరు పలకకపోతే, తన ప్రేమే చాలలేదని అనుకోడా? 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు మొదటిసారి వివరించిన ఈ వ్యాధి, కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగాన్ని తొలిదశల్లోనే దెబ్బతీస్తుంది. పొద్దున జరిగిన సంగతి లోపల నిలవనే నిలవనప్పుడు, ఎవరు ఎంత ప్రాధేయపడినా అది పైకి రాదు. చిన్ననాడు కంఠస్థమైన పద్యం మాత్రం చాలాకాలం నిలబడవచ్చు, కనుక మీ సన్నివేశానికి ఆధారం గట్టిదే.

ఇక "గల్గునొ గల్గదొ" అన్న జంటను చూడండి. కవి "కలుగదు" అని తీర్మానించలేదు, సందేహార్థకమైన ఒకారాన్ని రెండుసార్లు పలికాడు. ఇంట్లో వారిని అరగదీసేది ఆ సందేహమే. పొద్దున కాఫీ అందుకుంటూ పేరు పెట్టి పిలిచిన తల్లి, అసురసంధ్య వేళకు తన ఇంట్లోనే కూర్చుని "చీకటి పడుతోంది, నన్ను మా ఇంటికి పంపించండి" అని చెప్పుల కోసం వెతుకుతుంది. అడిగిన ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. దాచిన గొలుసు ఎక్కడ దాచిందో తెలియక, అన్నం కలిపి పెట్టిన మనిషినే దొంగ అంటుంది. ఇది ఈ వ్యాధిలో తరచుగా కనిపించే అపోహ. మన కథల్లో ఇదే మాట అత్తగారి నోట వస్తే అత్తాకోడళ్ళ పోరుగా తేలిపోతుంది, రచయిత జాగ్రత్తపడవలసిన చోటు ఇది. ఎప్పుడూ గుర్తుపట్టదని తెలిస్తే మనసు ఏదో ఒక విధంగా కుదుటపడుతుందేమో. పొద్దున గుర్తుపట్టిన మనిషి సాయంత్రం గుర్తుపట్టకపోతే, కూతురు ప్రతి ఉదయం కొత్తగా ఆశపడి ప్రతి రాత్రి కొత్తగా పోగొట్టుకుంటుంది.

మరొక సభ్యుని అభ్యంతరం:

ఆర్యా, మీ వ్యాఖ్య హృద్యంగా ఉన్నది కాని పద్యాన్ని దాని చోటు నుంచి కదిలించారని నా మనవి. ఇక్కడ స్మరణ అంటే రామనామస్మరణ. "అంతకాలే చ మామేవ" (అంత్యకాలంలో నన్నే తలచుకుంటూ) అన్న గీతావాక్యం దీనికి మూలభావం. ఇది మరణశయ్య మాటే గాని ఏళ్ళ తరబడి సాగే జబ్బు మాట కాదు.

సమాధానం:

మీరు చెప్పిన అర్థమే సరైనది, దానిని కాదనను. గోళకొండ చెరలో మగ్గిన భక్తుడు తలచుకున్నది రాముణ్ణే. పద్యంలో ఈ వ్యాధి ఉన్నదని నా వాదన కాదు. చివరి దశలో తన మనసు తన వశంలో ఉండకపోవచ్చునన్న ఎరుకను, ఆ స్థితికి లోనుకాబోయే మనిషే ముందుగా, స్వస్థతలో ఉండగా పలకడం ఇందులో ఉన్నది. ఆ తల్లి ఒకనాడు తరగతిలో ఈ పద్యానికి మీరు చెప్పిన అర్థమే చెప్పి ఉంటుంది. ప్రేక్షకులకు ఆ అర్థం ముందే తెలిస్తే సాయంత్రపు ఘట్టం మరింత లోతుగా తాకుతుంది. కాబట్టి, అమ్మా, చిత్రం మొదట్లో ఒక పాఠం సన్నివేశం పెట్టండి.

అయితే పద్యం ఇవ్వనిది ఒకటి ఉన్నది. "బాంధవుల్ గప్పిన వేళ" అన్నచోట చుట్టాలు ఒక గుంపు మాత్రమే, వారి అలసట కవికి అక్కరలేదు. నేటి అపార్టుమెంటులో ఆ గుంపు లేదు, ఒక కూతురో కోడలో ఉంటుంది. ఆమె చేసే పనికి మనకు "కనిపెట్టుకొని ఉండటం" అనే మంచి మాట ఉన్నది. రోగిని కనిపెట్టుకొని ఉండటం అంటే సేవ, "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అని తెలుగు బైబిలులో ఉన్నచోట ఎదురుచూపు. ఆ కూతురు రెండూ చేస్తున్నది. రాత్రి తలుపు గడియ చప్పుడుకు లేస్తుంది, ఉద్యోగానికి సెలవు పెడుతుంది, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తుంది. ఆమె ఏడ్చే ఘట్టం కన్నా, తల్లికి అందనంత ఎత్తులో తలుపుకు రెండవ గడియ బిగించే ఘట్టం నాకు బలమైనదిగా తోస్తుంది.

2016లో వచ్చిన కన్నడ చిత్రం "గోధి బణ్ణ సాధారణ మైకట్టు" పేరును గమనించండి. గోధుమ రంగు, సాధారణమైన శరీర నిర్మాణం అని తప్పిపోయినవారి ప్రకటనల్లో ఉండే మాట అది. అల్జీమర్స్ ఉన్న తండ్రి తప్పిపోగా, వెతికే కొడుకు ఆ తండ్రి ఎటువంటి మనిషో అప్పుడు తెలుసుకుంటూ పోతాడు. 2020 నాటి ఆంగ్లచిత్రం "ది ఫాదర్" మరో దారి పట్టింది. గదులూ ముఖాలూ మారిపోతూ, ఏది నిజమో ముసలాయనకు తెలియనట్లే మనకూ తెలియదు. ఈ రెండింటిలోనూ "గుర్తు తెచ్చుకో" అనే ఆజ్ఞ మీద కథ నిలబడలేదు.

తల్లికి ఉర్దూ కూడా వచ్చునని మీరు తరువాత రాశారు. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో పరీక్షించిన 648 మంది రోగుల మీద 2013లో వెలువడిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో మతి తప్పే లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది, చదువురానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. అది ఆలస్యమే గాని రక్షణ కాదు. కాబట్టి కూరగాయల బండివానితో ఆమెను ధారాళంగా ఉర్దూ మాట్లాడించండి, దానిని కోలుకునే సూచనగా మాత్రం చూపవద్దు.

సంభాషణ విషయానికి వస్తే, పద్యం ముగిశాక కూతురి చేత పేరు అడిగించకుండా పేరు చెప్పించండి. "అమ్మా, నేను సరళను. ఇంకోసారి చదువు, వింటాను" అంటే చాలు. నటికి ఇచ్చే ప్రతిలో "బాంధవుల్" దగ్గర పాదం విరిగినా, "గప్పిన వేళ" వరకు ఒకే ఊపిరిలో చదవమని రాయండి. "గల్గునొ గల్గదొ" దగ్గర ఆగి కూతురి వైపు చూడమని మాత్రం రాయవద్దు, ఆమె చదువుతున్నది రాముడికి.