ల్యాప్‌టాప్ 4070, డెస్క్‌టాప్ 4070: పేరొకటే అయితే కార్డూ ఒకటేనా?

మధురవాడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా చెల్లి యానిమేషన్ కోర్సులో చేరింది. బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పని ఉంటుంది, రాత్రిళ్లు నేనూ కాసేపు గేములు ఆడతాను. ఇంట్లో లక్షన్నర దాకా ఇస్తామన్నారు. నిన్న వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక షాపుకెళ్తే ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న పల్చటి ల్యాప్‌టాప్ చూపించి, "డెస్క్‌టాప్‌లో వేసేదీ ఇదే కార్డు బాబూ, దీన్ని సంచిలో వేసుకుని తిరగొచ్చు, అంతే తేడా" అన్నారు. మా బాబాయి మాత్రం ల్యాప్‌టాప్ కార్డంటే సగం కార్డేనంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

గాజువాక రెండర్:
4070 విషయంలో మీ బాబాయి మాటే నిజానికి దగ్గర తమ్ముడూ. డెస్క్‌టాప్ 4070లో ఉండేది ఏడీ104 చిప్. 5888 సీయూడీఏ (CUDA) కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న భాగాలు, 12 జీబీ మెమరీ, 200 వాట్లు. ల్యాప్‌టాప్ 4070లో ఉండేది ఏడీ106, అంటే డెస్క్‌టాప్ 4060 టీఐలో వాడే చిప్. కోర్లు 4608, మెమరీ 8 జీబీ. వాట్లంటావా, 35 నుంచి 115 దాకా ల్యాప్‌టాప్ చేసేవాళ్లు ఎంత ఇస్తే అంత.

మీ చెల్లికి అసలు దెబ్బ తగిలేది మెమరీ దగ్గర. నేను ఇంటీరియర్ సీన్లు రెండర్ చేస్తాను, అంటే సీను నుంచి చివరి బొమ్మ తీస్తాను. సోఫా గుడ్డ, చెక్క, గోడ, అన్నిటికీ పెద్ద టెక్స్చర్లు (పైన అతికించే బొమ్మలు) వేస్తే 8 జీబీ ఇట్టే నిండుతుంది. ఆ తర్వాత రెండర్ నత్తనడక పడుతుంది, లేదా మెమరీ చాలలేదని మధ్యలో ఆగిపోతుంది. వేగం తక్కువైతే ఇంకో గంట కూర్చోవచ్చు. మెమరీ చాలకపోతే ఎంతసేపు కూర్చున్నా ఫ్రేము బయటికి రాదు.

ఎంవీపీ అక్క:
ఒక్క 4070ని చూపించి ల్యాప్‌టాప్‌లన్నిటినీ తీసిపారేయడం సరికాదు. 4060 చూడండి. అక్కడా ఏడీ107, ఇక్కడా ఏడీ107. రెండిట్లో 3072 కోర్లు, 8 జీబీ. డెస్క్‌టాప్ కార్డు వాడేదే 115 వాట్లు. ల్యాప్‌టాప్‌లో కూడా పూర్తి 115 ఇచ్చి, బాగా చల్లబరిస్తే తేడా కొంచెమే.

ఇంకో సంగతి. వాట్లు మూడో వంతుకు తగ్గితే వేగం కూడా మూడో వంతుకు పడిపోదు. క్లాక్ (చిప్ నడిచే వేగం) పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెరిగితే కరెంటు ఖర్చు దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. అందుకే చివర్లో ఎక్కించే వాట్లకు దక్కే వేగం తక్కువ. డెస్క్‌టాప్ 4090కి 450 వాట్లు, ల్యాప్‌టాప్‌దానికి 150, బూస్ట్ (అవసరమైనప్పుడు అదనంగా ఇచ్చే వాట్లు) కలిపితే 175. అయినా అది మంచి పని చేస్తుంది. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. సెలవులకు ఇంటికెళ్తూ సీపీయూ డబ్బా, మానిటర్ రైల్లో మోసుకెళ్లలేం కదా. ఆ రోజుల్లో ల్యాప్‌టాపే లేకపోతే నా ప్రాజెక్టు అయ్యేదే కాదు.

గాజువాక రెండర్:
4060 గురించి మీరన్నది ఒప్పుకుంటాను అక్కా. నా బాధ కూడా అక్కడే ఉంది. ఒక మోడల్లో పేరు నిజం చెప్తుంది, ఇంకో మోడల్లో చెప్పదు. కొనేవాడికి తెలిసేదెలా?

వెనక 980కి 2048 కోర్లుంటే 980ఎంకి 1536 ఉండేవి. పక్కన "ఎం" అక్షరం ఉండేది కాబట్టి తక్కువదని అర్థమయ్యేది. 2016లో 10 సిరీస్‌తో ఎన్విడియా ఆ అక్షరం తీసేసింది. అప్పుడు దానికి అర్హత ఉంది: 1080కి రెండు చోట్లా 2560 కోర్లే. 1070కైతే ల్యాప్‌టాప్‌లోనే ఎక్కువ, 2048. డెస్క్‌టాప్‌లో 1920. ఆ నమ్మకం జనంలో నాటుకున్నాక ఏమైంది? 3080కి డెస్క్‌టాప్‌లో 8704, ల్యాప్‌టాప్‌లో 6144. 4090కి 16384, 9728. ఈ 9728 డెస్క్‌టాప్ 4080 కోర్ల లెక్క. 5090కి వచ్చేసరికి 21760 ఎక్కడ, 10496 ఎక్కడ! సగం కూడా లేదు. తక్కువ ఇవ్వడం తప్పనను, అంత వేడిని ఆ పల్చటి డబ్బాలో ఎవరూ కుక్కలేరు. తక్కువ ఇచ్చి అదే అంకె వేయడం మాత్రం అన్యాయం.

ఎంవీపీ అక్క:
పేరు చివర "ల్యాప్‌టాప్ జీపీయూ" (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్) అని కంపెనీ రాస్తూనే ఉంది. వాట్లు కూడా చెప్పాలని 2021లో తయారీదార్లకు చెప్పింది. అది షాపు అట్ట మీదికి రాకపోతే షాపువాళ్లను నిలదీయాలి.

గాజువాక రెండర్:
నిలదీయడానికి ముందు తెలియాలి కదక్కా. కూతురికో కొడుక్కో కొనివ్వడానికి వచ్చిన తండ్రికి అంకె ఒక్కటే కనబడుతుంది.

డాబాగార్డెన్స్ రిపేరు:
నానొక మాట సెప్తాను. కాగితం మీద అంకెలు సరే, ఏసీ లేని గదిలో, మే నెల ఉక్కలో ఏటవుతాదో చూడండి. ల్యాప్‌టాప్‌లో చాలావాటికి ప్రాసెసరుకీ, గ్రాఫిక్స్ చిప్పుకీ వేడి లాగే రాగి గొట్టాలు ఉమ్మడి. ఒకటి కాగితే రెండోది తగ్గాలి. "మొదటి పది నిమిషాలు బాగుంటాది, తర్వాత గేము ఆగి ఆగి ఆడతాది" అని నా దగ్గరకు తెచ్చేవాటిలో చాలామట్టుకు ఇదే రోగం. పరుపు మీద పెట్టి ఆడితే ఇంక సెప్పక్కర్లేదు.

మన ఉప్పుగాలి సంగతి కూడా మరిచిపోకండి. బీచ్ పక్క ఇళ్ల నుంచి వచ్చేవాటికి స్క్రూలు తుప్పెక్కి ఉంటాయి. డెస్క్‌టాప్ అయితే పక్క రేకు తీసి దులుపుకోవచ్చు, కార్డు పోతే కార్డే మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో చిప్పు బోర్డుకే అతికించి ఉంటాది. అది పోతే బోర్డు మొత్తం.

ఎలాగైనా ల్యాప్‌టాపే కావాలంటే షాపులోనే ఆన్ చేయించి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిపించు. గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ అని వాట్లు అక్కడ రాసి ఉంటాది.

మధురవాడ కుర్రాడు:
ఈ రోజు మళ్లీ వెళ్లి అదే తెరిపించాను. ఆ పల్చటి 4070కి 60 వాట్లే ఉన్నాయి. పక్కనే లావుగా ఉన్న 4060కి బూస్ట్ కలిపి 140. షాపాయన కూడా ఎప్పుడూ చూడలేదట, కాగితం మీద రాసుకున్నాడు.

చెల్లిని అడిగితే కాలేజీ ల్యాబులో సిస్టములు ఉన్నాయంది, ఇంట్లో బల్ల దగ్గరే పని చేసుకుంటుందట. మోసుకెళ్లే పని లేదు కాబట్టి 12 జీబీ డెస్క్‌టాప్ కార్డుకే వెళ్తున్నాం. మా వీధిలో కరెంటు పోతూ ఉంటుంది. ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ సరిపోతుందా?

గాజువాక రెండర్:
సరిపోదు. మామూలు 600 వీఏది మోయగలిగేది 360 వాట్ల దాకానే. కార్డుకే 200, ప్రాసెసరు, మానిటరు కలిస్తే రెండర్ మధ్యలో ఆ అంచుకు వచ్చేస్తుంది. 1 కేవీఏది, అంటే 1000 వీఏది తీసుకో. కరెంటు పోయినప్పుడు ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికి చాలు. రెండర్ మాత్రం వీడియోగా కాకుండా ఒక్కో ఫ్రేము విడి బొమ్మగా సేవ్ అయ్యేలా పెట్టమను. మధ్యలో ఆగినా అప్పటిదాకా వచ్చిన ఫ్రేములు మిగులుతాయి.