జబ్బు లేనివాళ్లకు డబ్బిచ్చి మందులు పరీక్షించడం: ఉండనివ్వాలా, నిషేధించాలా?

పల్నాటి పిల్లోడు:
మా బాబాయి కొడుకు డిగ్రీ అయ్యాక గ్రూప్-2 కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉంటున్నాడు. హాస్టల్‌లో ఎవరో చెబితే ఒక సీఆర్వోకి వెళ్లి, మాత్ర వేసుకుని, రక్తం ఇచ్చి డబ్బు తెచ్చుకున్నాడు. (సీఆర్వో అంటే మందుల కంపెనీల తరఫున ఈ పరీక్షలు చేసిపెట్టే సంస్థ.) ఇంట్లో తెలిసి పెద్ద గొడవైంది. పిన్ని ఏడుపు, బాబాయి తిట్లు. వాడేమో "చదివే సంతకం పెట్టాను, నా ఒళ్లు నా ఇష్టం" అంటున్నాడు. వాడి సంగతి మేం చూసుకుంటాం గానీ, ఇక్కడ అడిగేది వేరు. ఈ పద్ధతి అసలు ఉండాలా? నా మటుకు నిషేధించాలనే ఉంది. మాది పిడుగురాళ్ల పక్కన. 2011లో మా వైపు నుంచి పేద ఆడవాళ్లను హైదరాబాద్ తీసుకెళ్లి రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షించారు. కీళ్ల నొప్పులు, ఛాతీ నొప్పి అని వాళ్లు మొత్తుకున్నాకే అది బయటికొచ్చింది. మా ఊళ్లో ఇప్పటికీ మర్చిపోలేదు.

ల్యాబ్‌కోటు:
కొన్నేళ్లు ఇదే రంగంలో పనిచేశాను కాబట్టి ముందు ఒక మాట. మీ తమ్ముడు వెళ్లింది దాదాపు ఖాయంగా బీఈ స్టడీకి, అంటే బయోఈక్వివలెన్స్. అది కొత్త మందు పనిచేస్తుందా లేదా అని చూసేది కాదు. ఇప్పటికే వాడకంలో ఉన్న మందుకు ఇంకో కంపెనీ జెనరిక్ తయారుచేస్తే, రెండూ రక్తంలోకి ఒకే తీరున చేరుతున్నాయా అని చూస్తారు. రాత్రంతా ఏమీ తినకుండా ఉంచి, పొద్దున మాత్ర వేసి, చేతికి కాన్యులా పెట్టి గంటగంటకూ, మొదట్లో ఇంకా దగ్గర దగ్గరగా రక్తం తీస్తారు. కొన్నాళ్లు వాషౌట్, అంటే మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా విరామం. తర్వాత రెండో మాత్రతో మళ్లీ అదే తంతు. రక్తంలో చేరిన మోతాదుల్లో పాత మందుతో పోలిస్తే కొత్తదాని నిష్పత్తి 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉంటే పాస్.

జబ్బు ఉన్నవాళ్ల మీద ఇది చేస్తే వాళ్ల జబ్బు, వాళ్లు వాడే మిగతా మందులు లెక్కను పాడుచేస్తాయి. అందుకే ఆరోగ్యవంతులు కావాలి. మన ఇళ్లలో బీపీ, షుగర్ మాత్రలు ఈ ధరకు దొరుకుతున్నాయంటే ఎవరో ఒకరు ఇలా మంచం మీద పడుకుని చెయ్యి చాచినందుకే. నిషేధిస్తే జెనరిక్ మందులు ఎలా వస్తాయో నిషేధం అడిగేవాళ్లే చెప్పాలి.

భద్రాద్రి టీచరమ్మ:
ల్యాబ్‌కోటు గారూ, మందు చవగ్గా రావాలి నిజమే. కానీ చెయ్యి చాచేది ఎప్పుడూ ఎవరి పిల్లలు? జూబ్లీహిల్స్ నుంచి ఎవరైనా వచ్చారా మీ సెంటర్‌కి?

సంతకం గురించి నాకు చెప్పకండి. 2009లో మా ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు పేరిట 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాలు వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లోని గిరిజన పిల్లలు. తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో నివేదిక ఇచ్చింది. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు! అమ్మానాన్నలకు తెలియకుండా వార్డెన్ సంతకం పెడితే దాన్ని సమ్మతి అంటారా? ఆకలి మీద ఉన్నవాడి సంతకం కూడా నాకు అలాగే కనిపిస్తుంది.

ల్యాబ్‌కోటు:
టీచరమ్మ గారూ, మీరు చెప్పిన ఉదాహరణ మీ వాదనకే అడ్డం పడుతోంది. ఆ పిల్లలకు డబ్బు ఆశ ఎవరూ చూపలేదు. టీకా ఉచితం, అంతే. అయినా సమ్మతి గాల్లో కలిసింది. అంటే తప్పు డబ్బులో లేదు, అడగాల్సినవాళ్లను అడగకపోవడంలో ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పట్లో చనిపోయిన పిల్లల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని విచారణ కమిటీ తేల్చింది. సమ్మతి విషయంలో మాత్రం లోపాలు జరిగాయనే చెప్పింది. రెండూ కలిపేయకూడదు.

భద్రాద్రి టీచరమ్మ:
నేను కలపలేదు. మరణాల మాటే ఎత్తలేదు నేను, మీరే తెచ్చారు.

సుజాత (న్యూజెర్సీ):
ఇక్కడ అమెరికాలో ఫేజ్-1 ట్రయల్స్ (కొత్త మందును మనుషుల మీద పరీక్షించే మొదటి దశ) మీదే బతికేవాళ్లు ఉన్నారండీ. వాళ్లకిచ్చే డబ్బు ఇంత కంటే ఎక్కువ ఉండకూడదనే పరిమితి లేదు. ఫ్రాన్స్‌లో వేరే పద్ధతి. ఆరోగ్యవంతులైన వాలంటీర్లందరికీ జాతీయ రిజిస్టరు ఉంది, ఒక మనిషి ఏడాదిలో ఇంతకు మించి తీసుకోకూడదని హద్దు కూడా ఉంది. అయినా 2016లో అక్కడి రెన్ నగరంలో ఫేజ్-1 ట్రయల్‌లో ఒకరు చనిపోయారు. అంతకుముందు 2006లో లండన్‌లో ఒక కొత్త మందును ఆరుగురికి కొద్ది నిమిషాల తేడాతో వరసగా ఎక్కించేశారు. ఆరుగురూ ఐసీయూ పాలయ్యారు, బతికి బయటపడ్డారు. అవి మనిషి ఒంట్లోకి మొదటిసారి వెళ్లిన మందులు. మీ తమ్ముడు వేసుకున్న జెనరిక్ మాత్రతో వాటిని పోల్చకూడదు, కానీ "రిజిస్టరు పెడితే చాలు" అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

లెక్కల రావు:
ఎవరూ పరిహారం సంగతి ఎత్తలేదేం? 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో మరణానికి ఫార్ములా ఉంది. 8 లక్షలను వయసు గుణకంతో, రిస్కు గుణకంతో గుణించి 99.37తో భాగించాలి. ప్రాణాంతక జబ్బు ముదిరినవాళ్లకు రిస్కు గుణకం 0.5, పూర్తి ఆరోగ్యవంతులకు 4. పాతికేళ్ల కుర్రాడికైతే దాదాపు 70 లక్షలు వస్తుంది. అంటే ఆరోగ్యవంతుడి ప్రాణానికి కట్టిన విలువే ఎక్కువ.

మెలిక ఎక్కడంటే, ఆ మరణానికి ట్రయలే కారణమని తేలాలి. ఇంటికొచ్చిన రెండు నెలలకు మనిషి పోతే ఎవరు తేలుస్తారు? తీవ్రమైన ఇబ్బంది వస్తే ట్రయల్ చేసే డాక్టర్ 24 గంటల్లో తెలియజేయాలని రూలు ఉంది. అది మనిషి ఆ డాక్టర్ కళ్ల ముందు ఉన్నంతసేపే కదా.

బీఈ బ్యాచ్:
నేను వెళ్తుంటాను. దాచుకోవాల్సిందేమీ లేదు. ఇక్కడ అందరూ మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాలుగు ముక్కలు.

ఒక స్టడీకీ ఇంకో స్టడీకీ మూడు నెలల గ్యాప్ ఉండాలని చెప్తారు. కొందరు పాటించరు. ఇక్కడ వేలిముద్రలో దొరికిపోతామంటే బెంగళూరు, అహ్మదాబాద్ వెళ్తారు. అన్ని సెంటర్లూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో లేవు మరి. స్క్రీనింగ్‌లో "గత స్టడీ ఎప్పుడు" అని అడిగితే "ఇదే ఫస్ట్ సార్" అని చెప్పేస్తారు. రెండు మందులు ఒంట్లో కలిసినా, రక్తం తగ్గినా నష్టం వాడికే. మందు లెక్క కూడా తప్పుతుంది, అది మీకందరికీ నష్టం. నిషేధిస్తే ఇది ఆగుతుందనుకుంటున్నారా? ఇప్పుడు కనీసం డాక్టర్ ఉంటాడు, తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఉంటుంది. రేపు ఏజెంట్ ఒక్కడే ఉంటాడు.

ఇంకోటి. మధ్యలో మానేస్తే అప్పటివరకు ఉన్నదానికి లెక్కకట్టి ఇవ్వాలి. కొన్ని చోట్ల సింహభాగం చివరి విజిట్‌కే ముడిపెడతారు. తల తిరుగుతున్నా చెప్పకుండా కూర్చునేది అందుకే. పేదరికం, సమ్మతి అని పెద్ద మాటలు మాట్లాడే ముందు దీన్ని సరిచేయించండి, మాకు అదే పెద్ద సాయం.

చర్చల రాజా:
అసలు ఇదంతా ఎందుకు, కరోనా టీకాలే పెద్ద ట్రయల్ కదా, అందరం ఎలుకలమే 😂

నిర్వాహకులు:
రాజా గారూ, దానికి వేరే చర్చ ఉంది. అక్కడ రాయండి.

ల్యాబ్‌కోటు:
బీఈ బ్యాచ్ తమ్ముడు చెప్పిందే అసలు విషయం. చివరి విజిట్‌కే డబ్బంతా ముడిపెట్టకూడదని అంతర్జాతీయ జీసీపీ (ట్రయల్స్ సరిగ్గా ఎలా చేయాలో చెప్పే) మార్గదర్శకాల్లోనే ఉంది. ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌ను ముందుగా పరిశీలించి అనుమతించే సంఘం) చూడాల్సింది ఆ చెల్లింపుల పట్టికనే. మన నియమాల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగంమంది బయటివాళ్లు కావాలి, వైద్యంతో సంబంధం లేని సామాన్య సభ్యుడు ఒకరు ఉండాలి. ఆ సామాన్య సభ్యుడు మీటింగ్‌లో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు.

భద్రాద్రి టీచరమ్మ:
అయితే ఆ కుర్చీలో ఒకప్పుడు వాలంటీరుగా వెళ్లినవాణ్ని కూర్చోబెట్టండి. ఆ మాత్రం చేస్తే సగం దారి మీ వైపు వస్తాను. మిగతా సగం రాను. రక్తం ధర పెంచినా తగ్గించినా, దాన్ని అమ్ముకోవాల్సి వచ్చేవాడు మారడం లేదు. సమ్మతి తీసుకునేటప్పుడు వీడియో తీయాలని నియమం ఉంది కదా, అది కూడా కొత్త మందు అణువుల ట్రయల్స్‌లో చేరే బలహీనవర్గాల వాళ్లకే. జెనరిక్ స్టడీకి వెళ్లే కుర్రాడికి ఆ రక్షణ ఎందుకు ఉండకూడదు?

ల్యాబ్‌కోటు:
ఉండాలి. దాని మీద మీతో గొడవ లేదు.

పల్నాటి పిల్లోడు:
పూర్తిగా నిషేధించాలన్న మాటకు మద్దతు తక్కువే ఉన్నట్టుంది. నాకైతే ఇంకా మనసొప్పడం లేదు. కానీ బీఈ బ్యాచ్ అన్నా, మీరు చెప్పింది వాణ్ని అడగాలి. వాడు సంతకం పెట్టిన సమ్మతి పత్రం కాపీ వాడి దగ్గర లేదట. కాపీ ఇవ్వాలి కదా? ఏ ట్రయలో ఆన్‌లైన్ రిజిస్టరులో వెతికి చూసే దారి ఉందా?

బీఈ బ్యాచ్:
కాపీ ఇచ్చి తీరాలి, అడగమను. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కూడా ఉంటుంది. ట్రయల్స్ అయితే ఐసీఎంఆర్ వాళ్ల సీటీఆర్ఐలో (ట్రయల్స్ నమోదు చేసే ఆన్‌లైన్ రిజిస్టరు) వెతకొచ్చు. బీఈ స్టడీలు అన్నీ అందులో దొరుకుతాయని మాత్రం నమ్మకం పెట్టుకోకు. ముందు కాపీ తెప్పించు, స్టడీ నంబరు దాని మీదే ఉంటుంది.