తంత్రం మీద పరిశోధనలు ఏ వరసలో చదవాలి?

పెద్దలకు నమస్కారం. మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. చైత్రమాసం మంగళవారాల్లో తారాతారిణి అమ్మవార్ల కొండమీద పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించే ఇళ్లు మావి. భువనేశ్వర్ దగ్గర హీరాపూర్‌లో యోగినుల (తంత్రంలో కొలిచే దేవతల) గుడి చూశాక తంత్రం గురించి, అంటే మంత్రాలు, యంత్రాలు, దేవతాపూజలతో సాగే ఆ ఉపాసన మార్గం గురించి చదవాలనిపించింది. కప్పులేని గుండ్రటి గోడ, లోపలి గూళ్లలో నల్లరాతి యోగినులు, ఒక్కొక్కరి కాళ్ల కింద ఒక్కో వాహనం. ఎంతసేపు చూసినా తనివి తీరదు.

చదివేకొద్దీ చిక్కు పెరిగింది. 19వ శతాబ్దపు మిషనరీలకు ఇదంతా అనాచారం. కలకత్తా హైకోర్టు జడ్జి జాన్ వుడ్రోఫ్ 1913లో ఆర్థర్ అవలాన్ పేరుతో మహానిర్వాణ తంత్రాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, ఇది గంభీరమైన వేదాంతమేనని వాదించాడు. తర్వాత సంస్కృత పండితుడు అలెక్సిస్ శాండర్సన్ రాతప్రతులు శోధించి, మధ్యయుగంలో రాజుల అండతో శైవం ఎంత విస్తరించిందో చూపించారు. అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ గోర్డన్ వైట్ 2003లో వేదాంతాన్ని పక్కనపెట్టి, యోగినీ ఆరాధనలో శరీరద్రవ్యాలదే అసలు పాత్ర అన్నారు.

నాకు శాండర్సన్ దారే గట్టిదనిపిస్తోంది. కానీ అందులో మా కొండెక్కే జనం కనబడరు.

గ్రంథాలనూ గ్రామదేవతల పూజనూ కలిపి చూసిన పరిశోధనలు ఏవైనా ఉన్నాయా? శ్రీకాకుళం, గంజాం వైపు అమ్మవార్ల మీదైతే మరీ మంచిది. తెలుగులో గానీ ఒడియాలో గానీ ఉన్నా చదవగలను. సంస్కృతం అంతగా రాదు, మూలగ్రంథాల్లో ముందు ఏది పట్టుకోవాలో కూడా దయచేసి చెప్పండి.