పెద్ద మిర్రర్‌లెస్ ఉంచుకోవాలా, జేబు కెమెరాతో సరిపెట్టుకోవాలా?

నల్లపెట్టె:
సూటిగా అడుగుతున్నాను. నా దగ్గర సోనీ ఏ7 4 ఉంది, లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా. దాని మీద 24-70 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, ఎఫ్/2.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ లోపలికొస్తుంది), సోనీ పై స్థాయి లెన్సుల వరస జీమాస్టర్‌లో రెండో తరంది. బాడీ 658 గ్రాములు, లెన్స్ 695. బ్యాగు, పట్టీ కలపకుండానే కిలో మూడొందల యాభై. కొన్న కొత్తలో ఎక్కడికెళ్ళినా మెడలోనే ఉండేది, ఇప్పుడు బీరువాలో ఉంటోంది. బయటికి వెళ్ళేటప్పుడు తీద్దామా వద్దా అని ఆలోచించి వదిలేసి వెళ్ళడం అలవాటైపోయింది.

నేను తీసేవి పాప ఫోటోలు, ప్రయాణాల్లో వీధులు, అప్పుడప్పుడూ స్టేజి మీద పాప డాన్సు. వీడియో తీయను. ఇది అమ్మేసి జేబు కెమెరా, అంటే సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 గానీ రికో జీఆర్ 3 గానీ తీసుకోవాలని ఉంది. ఒక్కటే ఉంచుకుంటాను, కాబట్టి రెండూ ఉంచుకోమనే సలహా వద్దు. "చేతిలో ఉన్నదే మంచి కెమెరా" అనే డైలాగు అసలే వద్దు, వినీ వినీ విసుగొచ్చింది.

గాజుకన్ను:
అమ్మకండి. కాంపాక్ట్‌లని, అంటే జేబు కెమెరాలని, తిట్టడానికి చెప్పట్లేదు, వాటి అంకెలు చూసి ఎవరైనా పొరబడతారని చెప్తున్నాను. ఆర్‌ఎక్స్100 మార్క్ 7ని అందరూ 24-200 జూమ్ అంటారు కానీ లెన్స్ ముందు ఏం రాసుందో చూడండి, 9-72 అని ఉంటుంది. అసలు ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే కొలత) అదే, 24-200 అనేది ఫుల్‌ఫ్రేమ్‌తో, అంటే మీ ఏ7లో ఉన్న పెద్ద సెన్సర్‌తో పోల్చి చెప్పే అంకె. చివరి దాకా జూమ్ చేస్తే 72 మిల్లీమీటర్లు, ఎఫ్/4.5. మొదటి అంకెని రెండో అంకెతో భాగిస్తే 16 వస్తుంది, అంటే వెలుగు లోపలికి రావడానికి ఉన్న దారి 16 మిల్లీమీటర్ల వెడల్పు. ఫుల్‌ఫ్రేమ్‌లో 200 ఎఫ్/2.8 లెన్స్‌కి అదే లెక్క వేస్తే 71. వెడల్పులోనే నాలుగు రెట్లు దాటింది, వైశాల్యంలో దాదాపు 20 రెట్లు. అంత తేడాని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా పూడ్చలేదు.

పగలు బయట తీస్తే ఇది పట్టించుకోనక్కర్లేదు. స్టేజి దగ్గర పట్టించుకోవాలి. డాన్సు చేసే పిల్ల చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ కనీసం 1/250 సెకను ఉండాలి, తిప్పుడు ఎక్కువుంటే 1/500. ఎఫ్/2.8లో ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులో పెంచుకునే సెట్టింగు, పెంచేకొద్దీ ఫోటోలో నాయిస్, అంటే చుక్కలు, ఎక్కువవుతాయి) 3200తో అయిపోయే సీన్ ఎఫ్/4.5లో 8000 దాటుతుంది, అది కూడా ఏడో వంతు సైజున్న సెన్సర్ మీద. 36 బై 24 మిల్లీమీటర్లు ఎక్కడ, 13.2 బై 8.8 ఎక్కడ? ముఖం మీద చర్మం మైనం పూసినట్టు వస్తుంది, జుట్టు ఒకే ముద్దగా కనిపిస్తుంది.

తేలికమనిషి:
గాజుకన్ను గారూ, లెక్క బాగుంది కానీ మీరు చెప్పిన 71 మిల్లీమీటర్ల లెన్స్ ఆయన దగ్గర లేదు కదండీ! ఆయనకున్నది 24-70. 70ని 2.8తో భాగించండి, 25. ఆ 200 కావాలంటే 70-200 ఎఫ్/2.8 కొనాలి, రెండో తరంది కూడా 1045 గ్రాములు, బాడీతో కలిపితే కిలో ఏడొందలు. ఆర్‌ఎక్స్100 మొత్తం కలిపి 302 గ్రాములు. బీరువాలోంచి బయటికి రాని కెమెరా సమస్యకి ఇంకో కిలో లెన్స్ పరిష్కారమా?

ఇంకో మాట. ఆయన ఏడాదిలో స్టేజి ఫోటోలు ఎన్ని తీస్తారు, మామూలు వెలుగులో పాపని ఎన్ని తీస్తారు? పెద్ద కెమెరా వాళ్ళందరూ వాదన ఎప్పుడూ చీకటి హాలులోకే లాక్కెళ్తారు, ఎందుకంటే అక్కడే గెలుస్తారు. 20 మెగాపిక్సెల్ ఫైలు అంటే 5472 బై 3648. ఏ3 సైజు ప్రింటు 300 డీపీఐలో వేయడానికి 4961 బై 3508 చాలు. మంచి వెలుగులో తీసినవి రెండింటి నుంచీ ఏ3 వేయించి, ఏది ఏ కెమెరాదో చేతిలో పట్టుకుని చెప్పమనండి.

పగటి వెలుగులో కాంపాక్ట్‌ది పైచేయి అయ్యే చోటు కూడా ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మిట్టమధ్యాహ్నం, సూర్యుడు పాప వెనక ఉన్నాడు, ముఖం నల్లగా వస్తోంది. ఏ7 4లో ఫ్లాష్ లేదు, విడిగా తగిలించాలి. తగిలించినా ఫుల్‌ఫ్రేమ్‌లో దాని సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే అతి వేగమైన షట్టర్, 1/250. ఆ ఎండకి ఎఫ్/4లో 1/1600 కావాలి కాబట్టి అపర్చర్ (వెలుగు దారి) ఎఫ్/10 దాకా మూసుకోవాలి, లేదంటే హైస్పీడ్ సింక్ (ఆ హద్దు దాటి ఫ్లాష్ వాడే పద్ధతి) పెట్టి ఫ్లాష్ బలం సగానికి పైగా పోగొట్టుకోవాలి. ఆర్‌ఎక్స్100లో షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది, లీఫ్ షట్టర్ అంటారు, దానికి ఆ 1/250 హద్దు లేదు. ఫ్లాష్ పైకి లేపి, 1/1600లో నొక్కడమే. ఫ్లాష్ చిన్నదే, కాస్త దూరం జరిగితే ఆ ఎండలో ఆశ పెట్టుకోవద్దు, కానీ ఎదురుగా నిలబడ్డ పిల్ల ముఖానికి చాలు.

ఒక్కక్లిక్కు:
ఇంత గొడవ ఎందుకు, మంచి ఫోన్ ఉంటే కాంపాక్టే అనవసరం. షావోమీ 2022లోనే 12ఎస్ అల్ట్రాలో ఆర్‌ఎక్స్100లో లాంటి 1 అంగుళం సెన్సర్ పెట్టింది. అయిపోయింది కథ.

తేలికమనిషి:
@ఒక్కక్లిక్కు సెన్సర్ పెట్టింది సరే, ఆ పెద్ద సెన్సర్ ఒక్క మెయిన్ కెమెరాకే కదా బ్రో. జూమ్ లెన్స్ వెనక ఉన్నది చిన్నది. ఇక ఫోన్ వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపి నాయిస్ తగ్గిస్తుంది, కదలని వాటికి అద్భుతంగా పనిచేస్తుంది, గెంతే పిల్ల దగ్గర ఆ ఫ్రేములు ఒకదానికొకటి కలవవు. ఫోన్ ఫ్లాష్ ఎల్ఈడీ, అది దీపం లాగా వెలుగుతుందంతే. కెమెరాలోది జీనాన్, రెప్పపాటు కంటే తక్కువ సేపు మెరుస్తుంది కాబట్టి కదలికని ఆపేస్తుంది. చీకటి గదిలో కేకు కోసే పిల్లని రెండింటితో తీసి చూడు.

వీధిచూపు:
జీఆర్ 3 గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను. ఏపీఎస్‌సీ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్‌కీ ఆర్‌ఎక్స్100కీ మధ్య సైజు), 24 మెగాపిక్సెల్, 28 ఎంఎంకి సమానమైన ఎఫ్/2.8 లెన్స్, బ్యాటరీ కార్డుతో 257 గ్రాములు. ఆర్‌ఎక్స్100 కన్నా మూడు రెట్లకు పైగా పెద్ద సెన్సర్ పెట్టుకుని ఇంకా తేలిక. జేబులో పట్టే వాటిలో నాకు తెలిసి ఇంత మంచి ఫైలు ఇచ్చేది అరుదు.

వీధుల్లో దీన్ని ఎందుకు పట్టుకుంటారంటే స్నాప్ ఫోకస్ కోసం. ముందే రెండు మీటర్లు అనో రెండున్నర అనో దూరం పెట్టేసుకుంటారు, ఎఫ్/8. బటన్ సగం నొక్కి ఆగే పని లేదు, ఒకేసారి పూర్తిగా నొక్కితే ఆటోఫోకస్‌ని పక్కనపెట్టి ఆ దూరానికే తీసేస్తుంది. ఎదుటివాడు కెమెరా చూసేలోపు అయిపోతుంది. ఒంటిచేత్తో నడుస్తూనే తీయొచ్చు, మీ ఏ7తో అలా తీస్తే మణికట్టు గతేంటో మీకే తెలుసు.

కానీ నల్లపెట్టె గారూ, పాప కోసమైతే కొనకండి. జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, వ్యూఫైండర్ లేదు, బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారమే 200 ఫోటోలు. మీ ఏ7 4ది స్క్రీన్ మీద చూస్తూ తీస్తే 580. ఆటోఫోకస్ కదిలే పిల్లల వెంట పరిగెత్తలేదు. స్టేజి అయితే మర్చిపోండి, 28లో పాప బొటనవేలంత కనిపిస్తుంది.

పాతరీలు:
దుమ్ము సంగతి ఎవరూ చెప్పలేదేం? జేబు కెమెరా లెన్స్ ఆన్ చేసినప్పుడల్లా బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికెళ్తుంది, వచ్చీ పోతూ జేబులో ఉన్న నూగుని గాలితో పాటు లోపలికి లాక్కుంటుంది. నా దానిలో ఆకాశం ఫోటో తీస్తే కుడివైపు పైన బూడిదరంగు మచ్చ ఒకటి, ఎఫ్/8లో స్పష్టంగా, ఎఫ్/2.8లో కనపడీ కనపడనట్టు. మిర్రర్‌లెస్‌లో దుమ్ము ఇంకా సులువుగా పడుతుంది, లెన్స్ మార్చినప్పుడల్లా తలుపు తీసినట్టే, కానీ లెన్స్ తీసి కిందికి పట్టుకుని బ్లోయర్‌తో నాలుగు పంపులు కొడితే చాలావరకు పోతుంది. కాంపాక్ట్ అయితే విప్పాలి, విప్పేవాడు దొరకాలి. జేబులో వేసుకోవడానికని కొని దాన్ని మళ్ళీ ఒక సంచీలో పెట్టి ఆ సంచీని జేబులో పెట్టుకుంటున్నా, నవ్వుకోండి.

గాజుకన్ను:
తేలికమనిషి గారు 70 దగ్గరే చూడమన్నారు కాబట్టి చూద్దాం. ఆర్‌ఎక్స్100లో 70కి సమానమైన చోట అసలు ఫోకల్ లెంగ్త్ 26, అపర్చర్ ఎఫ్/4 అనుకుందాం. భాగిస్తే వెలుగు దారి ఆరున్నర మిల్లీమీటర్లు. ఇటు ఆయన లెన్స్‌ది 25. వైశాల్యంలో ఇంచుమించు 15 రెట్లు. కాబట్టి 200 వదిలేసినా నా వాదన మారలేదు. 70లో తీసి 33 మెగాపిక్సెల్‌లోంచి సగం క్రాప్ చేసుకున్నా స్టేజి మీద ఆయన కెమెరాదే పైచేయి.

అయితే ఫ్లాష్ విషయం ఒప్పుకుంటాను, ఏ3 ప్రింటు విషయం కూడా.

నల్లపెట్టె గారూ, మా మాటలు పక్కన పెట్టి ఒక పని చేయండి. మీ ఫోటోలన్నీ లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే మెటాడేటా (ఫోటోతో పాటు దాచే సెట్టింగుల వివరాలు) ఫిల్టర్ తెరిచి ఫోకల్ లెంగ్త్, ఐఎస్‌ఓ చూడండి. అన్నిటికీ కాదు, మీరు ప్రింటు వేయించుకున్నవి, ఇంట్లోవాళ్ళకి పంపినవి, స్టార్ పెట్టుకున్నవి మాత్రమే. చెత్తని కూడా లెక్కేస్తే ఏమీ తెలియదు.

నల్లపెట్టె:
చూశాను. స్టార్ ఉన్నవాటిలో సగానికి పైగా 35-50 మధ్యే, ఐఎస్‌ఓ 1600 లోపు. ఇవి జేబు కెమెరాతో కూడా వచ్చేవే. మిగిలిన వాటిలో ఎక్కువ స్టేజివి, 70, ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 6400. మా ఇంట్లో గోడ మీద ఉన్నది కూడా వాటిలో ఒకటే. మధ్యలో దాదాపు ఏమీ లేవు. ఇద్దరూ గెలిచారు, నేను ఇరుక్కున్నాను.

వీధిచూపు:
బాడీ ఉంచి లెన్స్ మార్చి చూడండి. సోనీకే 40 ఎఫ్/2.5 జీ ఉంది, 173 గ్రాములు. మొత్తం 831. మీ స్టార్ ఫోటోలు సగం ఆ చుట్టుపక్కలవే కదా. రెండు కెమెరాలు వద్దన్నారు గానీ రెండు లెన్సులు వద్దనలేదు.

తేలికమనిషి:
831 గ్రాములు కూడా ప్యాంటు జేబులో పట్టదు, భుజానికి వేలాడాల్సిందే. అది వేలాడితే ఇబ్బంది లేదంటే సరే. కానీ ఎవరినైనా అడిగి ఒక వారం కాంపాక్ట్ తెచ్చుకోండి, ఏ7ని ఆ వారం తాళం వేయండి. ఆ వారం ఫోటోలు తీస్తే కొనండి, తీయకపోతే సమస్య బరువుది కాదు.

నల్లపెట్టె:
తమ్ముడి దగ్గర పాత ఆర్‌ఎక్స్100 ఒకటుంది, 2012 నాటి మొదటిది, 28-100 జూమ్. దాన్ని అడుగుతాను. 40 లెన్స్ కూడా ఎవరి దగ్గరైనా తగిలించి చూస్తాను. పాప స్టేజి ప్రోగ్రాం వచ్చే నెల, అప్పటిదాకా 24-70 అమ్మను.

గాజుకన్ను:
ఆ ప్రోగ్రాంకి తమ్ముడి కెమెరా కూడా పట్టుకెళ్ళండి. రెండింటిలోనూ రా ఫైళ్ళు (కెమెరా సవరించకుండా ఇచ్చేవి) తీసి ఇక్కడ పెట్టండి, జేపెగ్‌లు వద్దు, కెమెరా లోపలే నాయిస్ తుడిచేస్తుంది.