మన ట్యాక్స్ డబ్బుతో సూదులు పంచడమేంటి?

కొత్తిల్లు_ఇండియానా:
ఈమధ్యే ఇండియానాలో ఇల్లు కొన్నాం. డ్రగ్స్ ఎక్కించుకునేవాళ్లకు ఉచితంగా కొత్త సూదులిచ్చే కేంద్రాన్ని కొనసాగించాలా వద్దా అని మా కౌంటీ కమిషనర్లు ఓటు వేయబోతున్నారు. పక్కింటావిడ వద్దని సంతకాలు సేకరిస్తోంది. పిల్లలు ఆడుకునే పార్కులో సూదులు పడుంటాయేమోనని నాకూ టెన్షన్‌గా ఉంది. పైగా మన డబ్బుతోనా? ఇక్కడి పాతవాళ్లు చెప్పండి.

హైవే65_ఫార్మసిస్ట్:
సంతకం పెట్టేముందు స్కాట్ కౌంటీలో ఏం జరిగిందో చూడండి. నేను పనిచేసేది అక్కడికి దగ్గర్లోనే. ఆస్టిన్ అని, నాలుగు వేల పైచిలుకు జనం ఉన్న ఊరు. ఓపానా అనే నొప్పి మాత్రను కరిగించి నరానికి ఎక్కించుకునేవాళ్లు. దాని మత్తు త్వరగా దిగిపోతుంది కాబట్టి రోజుకు ఎన్నోసార్లు, అదీ ఒకే సూదితో ఇంటిల్లిపాదీ. అంతకుముందు ఏడాదికి ఐదు కొత్త హెచ్‌ఐవీ కేసులొస్తే ఎక్కువనుకునే కౌంటీలో, ఆ ఒక్క విడతలో 200 దాటాయి. అప్పటి గవర్నర్ మైక్ పెన్స్‌కు సూదుల పంపిణీ అంటే పడదు. అయినా 2015 మార్చిలో ఎమర్జెన్సీ ప్రకటించి ఒప్పుకోక తప్పలేదు.

ఇక డబ్బు సంగతి. ఫెడరల్ డబ్బు దీనికి వాడొద్దని కాంగ్రెస్ 1988లోనే అంది. ఆస్టిన్ గొడవయ్యాక కాస్త సడలించారు. జీతాలకు, పరీక్షలకు, వ్యానుకు ఇవ్వొచ్చు, సూదికి మాత్రం వద్దట! అన్నిట్లో చవకైంది అదే. టోకున కొంటే సిరంజి ధర సెంట్లలోనే. ఒక్క హెచ్‌ఐవీ పేషెంటుకు జీవితాంతం వైద్యమంటే లక్షల డాలర్లు. అందులో చాలామందికి మెడికెయిడ్, అంటే పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా కడుతుంది, అంటే మళ్లీ మనమే.

పార్కు గురించైతే, ఈ కేంద్రాలు వాడిన సూదులు వెనక్కి తీసుకుంటాయి, వేసుకోవడానికి గట్టి ప్లాస్టిక్ డబ్బా కూడా ఇస్తాయి. అది లేనివాడే గడ్డిలో పడేసిపోతాడు.

సీమ_కుర్రోడు:
ఎంత చెప్పినా అన్నా, తాగుబోతుకు గ్లాసు కొనిచ్చినట్టే కదా?

హైవే65_ఫార్మసిస్ట్:
మా కౌంటర్‌కి ఒకతను వచ్చి పది ఇన్సులిన్ సిరంజిల ప్యాకెట్ అడిగాడు. ఏ ఇన్సులిన్ వాడతావంటే నేల చూపులు చూశాడు. మా మేనేజర్ ఇవ్వొద్దన్నాడు. మోచేతి దగ్గర చీము పట్టిన పుండు, స్లీవ్ కిందికి లాక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ రాత్రి మానేశాడంటావా తమ్ముడూ? కేంద్రానికే వెళ్లుంటే సూదితోపాటు ఆ పుండునీ ఎవరో ఒకరు చూసేవాళ్లు.

ఇంకో తమాషా. కేసులు తగ్గాక స్కాట్ కౌంటీ కమిషనర్లే 2021 జూన్‌లో 2–1 ఓటుతో ఆ కేంద్రాన్ని మూసేయాలని తీర్మానించారు.

వరంగల్_అక్క:
ఇండియాలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) ఈ పని ఎప్పట్నుంచో చేస్తోంది. మణిపూర్, మిజోరం, పంజాబ్ లాంటి చోట్ల ఎన్జీవోల ద్వారా సర్కారు డబ్బుతోనే కొత్త సూదులిస్తారు. ఇది నేరం కాదని 2017 హెచ్‌ఐవీ చట్టంలో రాశారు కూడా.

కొత్తిల్లు_ఇండియానా:
సంతకం ఆపేశాను. మీటింగ్‌లో మాట్లాడాలంటే పేరు ముందే ఇవ్వాలా?

హైవే65_ఫార్మసిస్ట్:
ఒక్కో కౌంటీది ఒక్కో పద్ధతి. కమిషనర్ల ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. సూదుల డబ్బు ఎవరిస్తున్నారో కూడా అడగండి, చాలాచోట్ల విరాళాలే.