సోలార్ ఇన్వర్టర్ డాంగిల్ పీకేస్తే ఏమన్నా అయితదా?

అన్నలూ, మాది మిర్యాలగూడ దగ్గర చిన్న రైస్ మిల్లు. రేకుల మీద 50 కిలోవాట్ల సోలార్, ఆ కరెంటును మిల్లుకు పనికొచ్చేటట్టు మార్చే ఇన్వర్టర్ చైనాది. దాని కింద లెక్కలను ఇంటర్నెట్‌ల పంపే బొటనవేలంత వైఫై డాంగిల్, పచ్చ లైటు మినుకుమినుకుమంటది. మొన్న రౌటర్‌ల చూస్తే రాత్రి 11 గంటలకు కూడా బయటి సర్వర్‌కు ఏదో పంపుతనే ఉంది. ఎండ లేదు, ఏం పంపుతున్నట్టు? ఇన్వర్టర్ పాస్‌వర్డేమో బిగించినోళ్ల దగ్గరనే ఉంది.

దిగుమతి కరెంటు సామాన్లకు మాల్వేర్ (హాని చేసే దొంగ సాఫ్ట్‌వేర్) పరీక్ష చెయ్యాలని కేంద్రం 2020లనే చెప్పింది. కొన్ని చైనా ఇన్వర్టర్లల్ల కాగితాల మీద లేని కమ్యూనికేషన్ పరికరాలు, కొన్ని చైనా బ్యాటరీలల్ల సెల్యులార్ రేడియోలు (ఫోన్ లెక్క మొబైల్ నెట్‌వర్క్‌ల మాట్లాడేవి) అమెరికాల దొరికినయని 2025ల రాయిటర్స్ రాసింది. నా ఒక్క మిల్లుతోని గ్రిడ్ కూలదు గానీ, ఎవరన్నా బయటినుంచి వేల ఇన్వర్టర్లు ఒక్కసారే బంద్ చేస్తే?

డాంగిల్ పీకితే యాప్‌ల లెక్కలు కనపడయి, అది తెలుసు. వారంటీ పోతదా? ఆర్ఎస్485 (ఇన్వర్టర్ లెక్కలు ఇంటర్నెట్ లేకుండ తీసుకునే డేటా వైరు) తోని యూనిట్లు ఇక్కడనే చూసుకునుడు ఎవరన్నా చేసిండ్రా? లోపల ఇంకో సిమ్ ఉంటే ఎట్ల తెలుస్తది?